పిల్లాణ్ని గుర్రం థెరపీకి తీసుకెళ్లాలనుకుంటున్నారా? ఇలా మొదలుపెట్టండి

మా అత్తయ్యకి ఈ సంగతి మొదటిసారి చెప్పినప్పుడు ఆవిడ చేతిలో కాఫీ గ్లాసు కింద పెట్టి, "గుర్రం ఎక్కించడానికి వాడికిప్పుడు పెళ్లేమన్నా చేస్తున్నావా అమ్మాయ్?" అంది. ఆవిడ అనుమానంలో తప్పేం లేదు. మనకి గుర్రం అంటే బరాత్, కాకపోతే వైజాగ్ బీచ్‌లో ఒక రౌండు, అదీ కాకపోతే మలక్‌పేట రేసులు. పిల్లాడి నడుము నిలబడటానికీ గుర్రానికీ సంబంధం ఏంటో నాకూ అప్పటికి సరిగ్గా తెలీదు, ఎవరో పంపిన వీడియో చూసి ఆశపడ్డానంతే.

మా వాడికి సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతినడం వల్ల కండరాలు అదుపులో ఉండని స్థితి. రెండు కాళ్లూ బిగుసుకుని, తొడలు లోపలికి లాక్కుని కత్తెరలా పడే రకం, స్పాస్టిక్ డైప్లీజియా అంటారు. ఆరో ఏట మొదలుపెట్టాం, ఇప్పుడు వాడికి పదమూడు. ఈ ఏడేళ్లలో తెలిసొచ్చినవీ, చేసిన తప్పులూ కలిపి రాస్తున్నా. నేను డాక్టర్ని కాదు, ఫిజియోథెరపిస్టునీ కాదు, రెండు రకాల వాళ్ల గదుల బయటా బెంచీల మీద చాలా కాలం కూర్చున్న తల్లిని. ఆటిజం, డౌన్ సిండ్రోమ్ పిల్లల విషయాలు మాత్రం మాతోపాటు గ్రౌండుకి వచ్చే తల్లులతో మాట్లాడి, వాళ్ల పిల్లల్ని చూసి తెలుసుకున్నవి.

అసలు గుర్రం ఏం చేస్తుంది

ఇది అర్థమైతే మిగతాదంతా సులువు, ఎవరు నిజంగా థెరపీ చేస్తున్నారో ఎవరు ఊరికే రౌండ్లు కొట్టిస్తున్నారో మీకే తెలిసిపోతుంది.

గుర్రం మామూలుగా నడుస్తుంటే దాని వీపు ముందుకీ వెనక్కీ, ఆ పక్కకీ ఈ పక్కకీ, పైకీ కిందికీ కదులుతూ ఉంటుంది, కొంచెం మెలి కూడా తిరుగుతుంది. మనం నడిచేటప్పుడు మన తుంటి భాగం కదిలేది కూడా దాదాపు ఇలాగే. ఎప్పుడూ సరిగ్గా నడవని పిల్లాడి ఒంటికి ఆ కదలిక ఎలా ఉంటుందో తెలీదు. గుర్రం మీద కూర్చుంటే, వాడు అడుగు వేయకుండానే, నిమిషానికి సుమారు వంద సార్లు ఆ కదలిక నడుముకి అందుతుంది, పడిపోకుండా ఉండటానికి ఒళ్లు ప్రతిసారీ తనంతట తాను సర్దుకుంటుంది. బల్ల మీద కూర్చోబెట్టి "నిటారుగా ఉండు నాన్నా, నిటారుగా" అని వందసార్లు చెప్పినా రానిది ఇక్కడ చెప్పకుండానే జరుగుతుంది. దానికి తోడు గుర్రం ఒళ్లు మన ఒంటికంటే కాస్త వెచ్చగా, 38 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఆ వెచ్చదనానికీ, ఊపుకీ బిగుసుకున్న తొడలు మెల్లగా వదులవుతాయి.

దీన్ని గురించి మాట్లాడేవాళ్లంతా లిస్ హార్టెల్ పేరు తప్పకుండా ఎత్తుతారు. డెన్మార్క్ ఆవిడ. 1944లో పోలియో వచ్చి మోకాళ్ల కింద కాళ్లు పనిచేయకుండా పోయాయి, గుర్రం ఎక్కాలన్నా దిగాలన్నా ఎవరో ఒకరు పట్టుకోవాలి. అలాంటి మనిషి 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో డ్రెస్సాజ్ అనే స్వారీ పోటీలో మగవాళ్లతో తలపడి వెండి పతకం తెచ్చుకుంది, 1956లో మళ్లీ ఇంకొకటి. ఆవిణ్ని చూశాకే చాలామందికి ఈ ఆలోచన మీద గురి కుదిరింది. 1969లో బ్రిటన్‌లో రైడింగ్ ఫర్ ద డిసేబుల్డ్ అసోసియేషన్ (ఆర్డీఏ), అదే ఏడాది అమెరికాలో ఇప్పుడు పాత్ ఇంటర్నేషనల్ అని పిలుస్తున్న సంస్థ పుట్టాయి.

ఇందులో మూడు రకాలున్నాయి, మన దగ్గర మూడింటినీ కలిపి "హార్స్ థెరపీ" అనేస్తారు. ఫిజియో, ఆక్యుపేషనల్ లేదా స్పీచ్ థెరపిస్టు తన వైద్యంలో భాగంగా గుర్రం నడకని వాడితే అది హిప్పోథెరపీ. స్వారీ నేర్పే ట్రైనర్ మన పిల్లలకి తగ్గట్టు మార్చి స్వారీ నేర్పితే అది థెరప్యూటిక్ రైడింగ్. గుర్రం ఎక్కకుండా దాన్ని తోమడం, నడిపించడం, దాని పక్కన ఉండటం మూడోది. ఏది తక్కువ ఏది ఎక్కువ అని కాదు, మీ పిల్లాడికి ఏది కావాలో ముందు తేల్చుకోవాలి. మా వాడికి మొదటి రెండేళ్లు మొదటిది, తర్వాత రెండోది.

ఇక ఫలితాల మాట. సెరిబ్రల్ పాల్సీ పిల్లల్లో కూర్చునే బ్యాలెన్సూ, ఒళ్లు నిలదొక్కుకోవడమూ మెరుగుపడ్డాయని చెప్పే పరిశోధనలున్నాయి, కానీ చాలావరకు తక్కువ మంది పిల్లలతో, కొద్ది వారాల పాటు చేసినవి. ఆటిజం విషయంలో 2015లో అమెరికాలో అచ్చయిన అధ్యయనం ఒకటి ఉంది. 6 నుంచి 16 ఏళ్ల పిల్లలు 127 మందిని తీసుకుని, కొందరిని పది వారాలు గుర్రం ఎక్కించారు, మిగతావాళ్లకి అదే వాతావరణంలో గుర్రం లేకుండా వేరే పనులు చెప్పారు. గుర్రం ఎక్కినవాళ్లలో చిరాకు, అతిగా కదలడం ఎక్కువగా తగ్గాయి. అంతవరకే. "ఆరు నెలల్లో ఆటిజం పోతుంది" అని ఎవరైనా అంటే పర్సు లోపల పెట్టుకుని వచ్చేయండి.

స్టెప్ 1: ముందు డాక్టరు, తర్వాతే గుర్రం

చాలామంది ఈ స్టెప్పు దాటేస్తారు. మేమూ దాటేశాం, ఆ కథ కిందొస్తుంది.

సెరిబ్రల్ పాల్సీ అయితే ఆర్థోపెడిక్ డాక్టరుకి తుంటి ఎక్స్‌రే చూపించి, కాళ్లు ఎడంగా పెట్టి గుర్రం మీద కూర్చోవచ్చా అని నేరుగా అడగండి. మన పిల్లల్లో తుంటి కీలు కొద్దికొద్దిగా పక్కకి జారుతూ ఉండొచ్చు, బయటికి ఏమీ కనపడదు, నొప్పి కూడా ఉండకపోవచ్చు. వెన్ను బాగా పక్కకి వంగి ఉన్నా అదే ప్రశ్న. డౌన్ సిండ్రోమ్ అయితే మెడ. మెడ పైభాగంలో మొదటి రెండు ఎముకల మధ్య పట్టు వదులుగా ఉండే పిల్లలు ఉంటారు, వాళ్లకి కుదుపు ప్రమాదం, కాబట్టి డాక్టరు మెడ పరీక్ష చేసి సరే అని రాసిచ్చేదాకా ఎక్కించకండి. ఫిట్స్ వచ్చే పిల్లలైతే ఈమధ్య అదుపులో ఉన్నాయా లేదా అన్నది న్యూరాలజిస్టు చెప్పాలి, మీరు కాదు. ఎముకలు తేలిగ్గా విరిగే జబ్బు, రక్తం గడ్డకట్టని జబ్బు, ఈమధ్యే అయిన ఆపరేషన్, పిర్రల మీద ఒరుపు పుండ్లు, గుర్రపు వెంట్రుకలకి వచ్చే అలర్జీ, ఆస్తమా, ఇవన్నీ దాచకుండా చెప్పాలి. టెటనస్ ఇంజెక్షన్లు పూర్తయ్యాయో లేదో కార్డు తీసి చూసుకోండి, పేడ ఉన్న మట్టి అంటే టెటనస్‌కి పుట్టిల్లు.

డాక్టరు "నాకు దీని గురించి పెద్దగా తెలీదమ్మా" అనొచ్చు. మా డాక్టరుగారూ అదే అన్నారు. అప్పుడు "థెరపీ మంచిదా" అని అడగడం మానేసి, "కాళ్లు ఇంత ఎడంగా పెట్టి, ఇరవై నిమిషాలు ఊగుతూ కూర్చోవచ్చా, పడితే వీడికి మామూలు పిల్లాడికంటే ఎక్కువ ప్రమాదం ఉందా" అని అడగండి. దానికి ఏ డాక్టరైనా జవాబు చెప్పగలరు. ఆ జవాబు కాగితం మీద రాయించుకోండి, ఏడాదికోసారి మళ్లీ రాయించుకోండి, పిల్లలు పెరిగేకొద్దీ ఎముకలు మారుతాయి. పిల్లాడికి అసలు ఏముందో ఇంకా స్పష్టంగా తేలకపోతే సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో ఎన్ఐఈపీఐడీ ఉంది, మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం పెట్టిన కేంద్ర ప్రభుత్వ సంస్థ, అక్కడ అసెస్‌మెంట్ చేయించుకుని ఆ తర్వాత గుర్రం గురించి ఆలోచించండి.

స్టెప్ 2: పిల్లాడు లేకుండా మీరొక్కరే వెళ్లి చూడండి

మేం మొదట వెళ్లింది థెరపీ సెంటరుకి కాదు. ఊరి బయట గుర్రాలు పెట్టుకుని, పెళ్లిళ్లకి తిప్పుతూ, మధ్యలో "స్పెషల్ కిడ్స్‌కి కూడా చేస్తాం మేడమ్" అన్న మనిషి దగ్గరికి. మొదటిరోజే పిల్లాణ్ని తీసుకుపోయాం. హెల్మెట్ లేదు. ఒకతను ముందు తాడు పట్టుకున్నాడు, ఇంకొకతను పక్కన నడుస్తూ ఫోన్ మాట్లాడుతున్నాడు. మూడో రౌండులో ఒక పాల కవరు గాలికి ఎగిరొచ్చి గుర్రం కాళ్ల దగ్గర పడింది. గుర్రం పెద్దగా ఏం చేయలేదు, ఒక్క అడుగు పక్కకి గెంతిందంతే. కానీ మా వాడు ఆ పక్కకి కాకుండా ఈ పక్కకి జారిపోయాడు, మా ఆయన పరుగెత్తి చొక్కా కాలర్ పట్టుకుంటే చొక్కా బొత్తాలు తెగి చేతిలోకొచ్చాయి, పిల్లాడు మాత్రం ఆయన మోచేతిలో ఆగాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ తర్వాత ఎనిమిది నెలలు గుర్రం మాటే ఎత్తలేదు ఇంట్లో.

అందుకే చెప్తున్నా, ముందు మీరొక్కరే వెళ్లి, వేరే పిల్లాడికి సెషన్ జరుగుతుంటే ఒక మూలన నిలబడి చూడండి. చూపించం అంటే వచ్చేయండి.

మొదట మనుషుల్ని లెక్కపెట్టండి. కొత్త పిల్లాడికి గుర్రం చుట్టూ ముగ్గురు ఉండాలి: తల దగ్గర తాడు పట్టుకుని గుర్రాన్ని మాత్రమే చూసుకునే మనిషి ఒకరు, అటూ ఇటూ పిల్లాడి తొడ మీద చెయ్యి వేసి నడిచేవాళ్లు ఇద్దరు. వీళ్లని సైడ్ వాకర్లు అంటారు. వీళ్లు కాక ఏం చేయాలో చెప్పే థెరపిస్టు. ఆ థెరపిస్టు చదువేంటో మొహమాటపడకుండా అడగండి. స్పెషల్ ఎడ్యుకేటర్లకీ, స్పీచ్ థెరపిస్టులకీ ఆర్‌సీఐ (రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది, అడిగితే చెప్పాలి. ఫిజియో అయితే డిగ్రీ, గుర్రాలతో ఎక్కడ శిక్షణ తీసుకున్నారో అడగండి. అడిగితే కోపం వచ్చేవాళ్లు మనకి వద్దు.

తర్వాత గుర్రాన్ని చూడండి. మనకి గుర్రాల గురించి ఏం తెలుసు అనుకోకండి, చెవులు చూస్తే చాలు. చెవులు వదులుగా, అటూ ఇటూ తిరుగుతూ ఉంటే అది ప్రశాంతంగా ఉన్నట్టు. వెనక్కి నొక్కి పెట్టి తోక టపటప కొట్టుకుంటుంటే దానికి విసుగో నొప్పో ఉన్నట్టు. పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉన్నాయా, పొట్ట కింద బెల్టు పడేచోట పుండ్లున్నాయా, కుంటుతోందా చూడండి. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదన్నారు, ఆ దాణా సరిగ్గా పెట్టనివాళ్లు మీ పిల్లాణ్ని ఏం చూస్తారు? ఆ రోజు ఈ గుర్రం ఇప్పటికే ఎంతమంది పిల్లల్ని మోసిందో అడగండి. రేసుల నుంచి రిటైరైన గుర్రం అంటే వెంటనే వద్దనకండి గానీ, దానికి మళ్లీ ఎంతకాలం శిక్షణ ఇచ్చారో మాత్రం తప్పకుండా అడగాలి, ఎందుకంటే అది పుట్టినప్పట్నుంచీ నేర్చుకున్నది పరుగెత్తడమే. గొడుగు తెరిచినా, బంతి దొర్లినా, చక్రాల కుర్చీ కిర్రుమన్నా కదలకుండా నిలబడగలిగే గుర్రమే థెరపీకి పనికొస్తుంది. మా సెంటర్లో కొత్త గుర్రం వస్తే నెలల తరబడి దాని చుట్టూ ప్లాస్టిక్ కవర్లు ఊపుతూ, పళ్లేలు మోగిస్తూ తిప్పేవాళ్లు.

గ్లాండర్స్ పరీక్ష సర్టిఫికెట్ కూడా అడగండి. గుర్రాల నుంచి మనుషులకి అంటుకోగల జబ్బు అది, అరుదే గానీ చెడ్డది. పరీక్షలకి హిసార్‌లో జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం ఉంది, గుర్రాలు పెట్టుకున్నవాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. మీరు అడిగారంటేనే వాళ్లకి అర్థమవుతుంది, ఈవిడ ఊరికే వచ్చిన మనిషి కాదని.

ఇంకొక్కటి, ఇది గట్టి రూలు. పిల్లాడు కూర్చోలేకపోతున్నాడని తాడుతోనో చున్నీతోనో గుర్రానికి కట్టేస్తామంటే ఒప్పుకోకండి. గుర్రం పడితే దాని కింద పిల్లాడూ పడతాడు. కట్టకుండా కూర్చోలేని పిల్లాడికి మనుషుల చేతులే ఆసరా, అదీ చాలకపోతే ఇంకా గుర్రం ఎక్కే సమయం రాలేదనే అర్థం.

స్టెప్ 3: ఇంట్లో రెండు వారాల రిహార్సల్

మొదటి రోజు ఏడుపుల్లో సగం గుర్రాన్ని చూసి కాదు, హెల్మెట్ వల్ల. కాబట్టి స్వారీ హెల్మెట్ ముందే కొనండి, లేకపోతే సెంటరు దగ్గర అరువు తెచ్చుకోండి. సైకిల్ హెల్మెట్, క్రికెట్ హెల్మెట్ దీనికి పనికిరావు. కనుబొమ్మలకి పైన రెండు వేళ్ల ఎడంలో అంచు ఉండాలి, తల ఊపితే హెల్మెట్ విడిగా ఊగకూడదు. మొదటిరోజు ఒళ్లో పెట్టుకుని ఆడుకోనివ్వండి, రెండోరోజు ఐదు సెకన్లు తలమీద, ఆ తర్వాత టీవీ చూస్తూ అయిదు నిమిషాలు, అలా పెంచుకుంటూ పోవాలి. మా వాడు దాన్ని పెట్టుకుని అన్నం తినడం మొదలుపెట్టాకే మేం బయల్దేరాం.

కూర్చోవడం కూడా ఇంట్లోనే అలవాటు చేయొచ్చు. పరుపు చుట్టగా చుట్టి తాడు కట్టి, దాని మీద కాళ్లు చెరోపక్క వేసి కూర్చోబెట్టి, మీరు వెనక నుంచి నడుం పట్టుకుని మెల్లగా అటూ ఇటూ ఊపండి. బిగుసుకున్న కాళ్లకి మొదట్లో నొప్పి ఉంటుంది, వేడినీళ్ల స్నానం అయ్యాక చేస్తే తేలిక.

ఆటిజం ఉన్న పిల్లలకి ఫొటోలు కావాలి. మీరు చూడ్డానికి వెళ్లినప్పుడే ఫోన్లో తీసుకోండి: గేటు, గుర్రం, ఎక్కే మెట్లు, అక్కడి మేడమ్ మొహం, తిరిగొచ్చే మన కారు. ప్రింట్ తీసి వరసగా గోడకి అంటించి, రోజూ "ముందు ఇది, తర్వాత ఇది, అయిపోయాక ఇల్లు" అని చూపించండి. వాసన విషయంలో మాతో వచ్చే ఒకావిడ భలే పని చేసింది. గుర్రాల్ని చూసుకునే సైసుని అడిగి గుర్రాన్ని తుడిచే పాత గుడ్డ ఒకటి జిప్ కవర్లో తెచ్చుకుని ఇంట్లో రోజూ కాసేపు తెరిచి పెట్టేది. వాళ్లమ్మాయికి వాసనలంటే మహా చిరాకు, లిఫ్టులో ఎవరి సెంటు అయినా కొడితే చాలు చెవులు మూసుకునేది, అలాంటి పిల్ల మొదటిరోజే గుర్రం మెడకి ముక్కు ఆనించింది. ఇంట్లో మిగతావాళ్లు ఆ వారం ఎలా గడిపారో నేనడగలేదు.

బట్టలు: కుట్లు ఒరుసుకోని మెత్తటి కాటన్ లెగ్గింగ్, జారే నైలాన్ వద్దు. కాలికి మడమ కొంచెం ఎత్తున్న బూట్లు. కాళ్లు సరైన తీరులో నిలబెట్టే స్ప్లింట్లు వేసుకునే పిల్లలకి గుర్రం మీద తీసేయాలా ఉంచాలా అన్నది థెరపిస్టు చెప్తారు. డైపర్ వేస్తే కొత్తది, ముడతలు లేకుండా. తిండి గంట ముందే, తేలిగ్గా, రెండు ఇడ్లీలు చాలు. ఇక అమ్మలూ, చున్నీ కారులోనే వదిలేయండి, గాలికి ఎగిరే ఏ గుడ్డా గుర్రం దగ్గర మంచిది కాదు.

స్టెప్ 4: మొదటి రోజు

మన ఎండలకి మార్చి నుంచి జూన్ దాకా పొద్దున్న ఏడున్నర దాటితే దండగ, పిల్లాడికీ గుర్రానికీ ఇద్దరికీ. ముందు ఫోన్ చేసి ఆ రోజు పక్కన పెళ్లి బ్యాండు, టపాకాయలు లాంటివి లేవని కనుక్కోండి. దీపావళి వారం మేం అసలు వెళ్లం.

వెళ్లగానే ఎక్కించొద్దు. గుర్రం ఎడమ భుజం వైపు నుంచి, మాట్లాడుతూ, అది చూస్తుండగా దగ్గరికెళ్లాలి. దాని కళ్లు తలకి చెరోపక్కన ఉంటాయి, చుట్టూ దాదాపు అంతా కనపడుతుంది గానీ సరిగ్గా ముక్కు ముందూ, సరిగ్గా తోక వెనకా కనపడదు, ఆ రెండు చోట్లా నిలబడకూడదు. చెయ్యి భుజం మీద వేయించండి, మొహం మీద కాదు. మా వాడి అరచెయ్యి ఎప్పుడూ పిడికిలి బిగిసి ఉండేది, సైసు భాయ్ ఆ పిడికిలిని అలాగే తీసుకుని గుర్రం మెడకి ఆనించి, "ఊపిరి తీస్తోంది, వినపడుతోందా బేటా" అన్నాడు. గుర్రం అప్పుడే పెద్దగా తుమ్మింది, వాడి చొక్కా ముందంతా తడిసిపోయింది. నేను అయిపోయింది అనుకున్నా, ఇంక వీడు రాడు. వాడు నవ్వడం మొదలుపెట్టి అర నిమిషం ఆపలేదు, ఆ నవ్వులో పిడికిలి విచ్చుకుంది.

ఎక్కించడానికి మెట్లో ర్యాంపో ఉండాలి, నేల మీద నుంచి ఎత్తి విసిరినట్టు కూర్చోబెట్టకూడదు. హిప్పోథెరపీకి చాలాసార్లు జీను వేయరు, మెత్తటి ప్యాడ్ వేసి పట్టుకోడానికి పిడులున్న బెల్టు కడతారు, గుర్రం వెచ్చదనం, కదలిక నేరుగా తెలియడానికి. పాదాలు పెట్టుకునే రికాబులు ఉంటే కాలు ఇరుక్కుపోకుండా ఊడొచ్చే రకమా అని అడగండి. పిల్లాణ్ని అర్జెంటుగా దించాల్సి వస్తే ఎవరు ఏ పక్కకి దించుతారో ముందే చెప్పమనండి, ఖాళీ గుర్రంతో ఒకసారి చేసి చూపించమనండి.

మొదటిరోజు అయిదు పది నిమిషాలు చాలు. తర్వాత కూడా ఇరవై నుంచి ముప్పై నిమిషాలకి మించి మంచిది కాదు, అలసిపోయాక ఒళ్లు వాల్చేసి కూర్చుంటే అలవాటయ్యేది ఆ వాలడమే. ఇంకోమాట, మీరు గట్టు అవతల కూర్చోండి. పక్కనే నడుస్తూ "భయపడకు కన్నా, పడిపోవులే" అంటుంటే వాడికి గుర్రం కంటే మీ టెన్షనే ఎక్కువ అంటుకుంటుంది. నన్ను మూడో వారం థెరపిస్టు మేడమ్ మర్యాదగానే బయటికి పంపేసింది.

స్టెప్ 5: మీదెక్కాక ఏం జరుగుతోందో చూడటం నేర్చుకోండి

గుర్రం గుండ్రంగా తిరుగుతూ ఉంటే, థెరపిస్టు చేతులు కట్టుకుని నిలబడి ఉంటే, అది రౌండు, థెరపీ కాదు. నిజమైన సెషన్‌లో గుర్రం ఆగుతుంది, మళ్లీ బయల్దేరుతుంది, వంకరటింకరగా తిరుగుతుంది, అడుగు చిన్నదవుతుంది పెద్దదవుతుంది, ప్రతి మార్పు వెనకా ఒక కారణం ఉంటుంది. ఆగినప్పుడు పిల్లాడి ఒళ్లు ముందుకి తూలుతుంది, దాన్ని వెనక్కి లాక్కోడానికి వీపు కండరాలు పనిచేయాలి. కుడికి తిరిగితే బరువు ఒక పక్కకి పోతుంది, బలహీనంగా ఉన్న పక్క మేలుకోవాలి. కొన్నిసార్లు పిల్లాణ్ని వెనక్కి తిప్పి, తోకవైపు మొహం పెట్టి కూర్చోబెడతారు, కొన్నిసార్లు అడ్డంగా. మా వాణ్ని మొదటిసారి వెనక్కి తిప్పినప్పుడు మా ఆయన "ఇదేం సర్కసండీ" అన్నారు. అలా కూర్చుని రెండు చేతులూ గుర్రం పిర్రల మీద ఆనించేటప్పటికి, ఎప్పుడూ మడిచి ఉండే మోచేతులు చాపక తప్పలేదు.

పదో నిమిషంలో కాళ్లు చూడండి. మా వాడు ఎక్కినప్పుడు మోకాళ్లు రెండూ గుర్రం మెడ దగ్గరికి పైకి ముడుచుకుని ఉండేవి. నడక మొదలైన ఏడెనిమిది నిమిషాలకి కుడి మడమ మెల్లగా కిందికి దిగేది, ఇంకాసేపటికి ఎడమది. దిగాక ఆ వదులు ఇంటికెళ్లేదాకా కాస్త నిలిచేది, అందుకే మేం రోజూ చేయించే కాళ్ల సాగదీతలు ఆ రోజు ఇంటికి రాగానే చేయించేవాళ్లం, మామూలుగా కంటే సగం ఏడుపుతో అయిపోయేవి.

మాటలు రాని పిల్లల దగ్గర ఇంకో పద్ధతి చూశాను. గుర్రం ఆగి ఉంటుంది. "చల్" అంటేనే కదులుతుంది. మేడమ్ చెప్పదు, సైసు తాడు లాగడు, అందరూ నోరు మూసుకుని ఎదురుచూస్తారు. ఆ నిశ్శబ్దం భరించడం తల్లిదండ్రులకి చాలా కష్టం. ఒక బాబు అయిదు వారాలు చేత్తో గుర్రం మెడ తట్టేవాడు, దాన్నే మాటగా తీసుకుని కదిలించేవాళ్లు. ఆరో వారం పెదాలు కూడబలుక్కుని "చ" అన్నాడు. గుర్రం వెంటనే కదిలింది. వాళ్ల నాన్న గట్టు మీద కూర్చుని చెప్పు తీసి ఇసక దులుపుకుంటున్నట్టు చాలాసేపు తల దించుకున్నాడు.

స్టెప్ 6: ఒక్క లక్ష్యం, ఒక్క లెక్క

గుర్రం మీద పిల్లాడు నవ్వుతుంటే మనకి అన్నీ బాగైపోతున్నట్టే అనిపిస్తుంది. అందుకే లెక్క కావాలి. థెరపిస్టుతో కూర్చుని ఒకే ఒక్కటి ఎంచుకోండి, అదీ ఇంట్లో పనికొచ్చేది. మాది: స్టూలు మీద ఆసరా లేకుండా కూర్చుని చొక్కా తొడుక్కోవడం. మొదలుపెట్టిన రోజు పదకొండు సెకన్లు కూర్చున్నాడు. ప్రతి రెండో ఆదివారం అదే స్టూలు, అదే చోట, ఫోన్ అదే ఎత్తులో పెట్టి వీడియో తీసి, ఫ్రిజ్ మీద కాగితంలో అంకె రాసేవాళ్లం. పన్నెండు వారాలకి నలభై చిల్లర. మధ్యలో జ్వరమొచ్చి రెండు వారాలు పోతే మళ్లీ ఇరవైకి పడింది, ఆ పడటం కూడా రాసుకోండి.

వారానికి ఒకటో రెండో సెషన్లు, పది పన్నెండు వారాలు చేయండి. అంకె కదలకపోతే థెరపిస్టుని అడగండి, ఏం మారుద్దామని. అయినా కదలకపోతే ఆపేయండి, ఆ డబ్బు వేరేదానికి పెట్టండి, దాని గురించి బాధపడకండి. మామూలు ఫిజియోథెరపీ, స్పీచ్, ఫిట్స్ మందులు మాత్రం గుర్రం కోసం ఒక్కరోజు కూడా ఆపకూడదు. ఏ ఇన్సూరెన్సు అయినా దీన్ని ఇస్తుందన్న లెక్కతో మొదలుపెట్టకండి, ముందే రాతపూర్వకంగా అడగండి.

ఎక్కడం కుదరని పిల్లలకి

తుంటి బాగాలేదనో, మెడ వల్లనో, భయం వల్లనో ఎక్కలేని పిల్లలుంటే నిరుత్సాహపడొద్దు, నేల మీద పని చాలా ఉంది. సైసులు ఖరారా అనే పళ్ల బ్రష్‌తో గుర్రం ఒళ్లు గుండ్రంగా తోమడం భుజానికి మంచి వ్యాయామం, ఒక చేత్తో బ్రష్, ఇంకో చేత్తో గుర్రాన్ని ఆనుకోవడం అంటే రెండు చేతులూ ఒకేసారి వాడటం. చక్రాల కుర్చీలోంచి కూడా చేయొచ్చు. తాడు పట్టుకుని గుర్రాన్ని నడిపించడం, తొట్టిలో నీళ్లు పోయడం, ఉలవగుగ్గిళ్లు కొలిచి తొట్లో వేయడం. చేత్తో తినిపించడం మాత్రం వాళ్లనడిగి, అరచెయ్యి బల్లపరుపుగా చాపి, ముక్క మధ్యలో పెట్టి. వేళ్లు మడిచి పెడితే క్యారెట్టేదో వేలేదో గుర్రానికి తెలీదు. తిరిగొచ్చాక సబ్బుతో చేతులు, బట్టలు విడిగా నానబెట్టడం, చెవుల వెనక, మోకాళ్ల సందుల్లో పిడుదులు పట్టాయేమో చూడటం.

మీ ఊళ్లో సెంటరు లేకపోతే పెళ్లి గుర్రాన్ని అద్దెకి తెచ్చి సొంత ప్రయోగాలు చేయకండి, పరుపు చుట్టా, పెద్ద జిమ్ బంతీ మీ ఫిజియో చూపించినట్టు వాడుకోండి. అమెరికాలో ఉన్న మనవాళ్లకి పాత్ ఇంటర్నేషనల్ సభ్య సెంటర్లు, బ్రిటన్‌లో ఆర్డీఏ గ్రూపులు ఉన్నాయి, వెయిటింగ్ లిస్టు ఉండొచ్చు కాబట్టి పేరు ముందే రాయించుకోండి. ఈలోగా ఇంట్లో పెద్ద పిల్లలుంటే అక్కడే సైడ్ వాకర్లుగా వాలంటీర్ చేయమనండి, తమ్ముడి వంతు వచ్చేసరికి అక్కకి పని తెలిసి ఉంటుంది.

బరువు గురించి కూడా ముందే తెలిసి ఉండాలి. గుర్రం తన బరువులో అయిదో వంతుకి మించి, జీనుతో కలిపి, మోయకూడదంటారు. అంటే 400 కిలోల గుర్రానికి 80 కిలోలు, అదీ బ్యాలెన్స్ ఉన్న మనిషైతే. ఊగిపోతూ కూర్చునే మన పిల్లలకి అంతకంటే బాగా తక్కువే పెట్టుకోవాలి, పైగా పక్కన నడిచేవాళ్లు అర్జెంటుగా ఎత్తి దించగలగాలి కదా. మా సెంటర్లో గుర్రాలు చిన్నవి, పోయిన ఏడాది మా వాడు 45 కిలోలు దాటగానే ఇక ఎక్కించం అన్నారు. నెల ముందే వాడికి చెప్పాం, క్యాలెండర్ మీద ఆఖరి రోజుకి చుట్టూ గీత గీశాం, అయినా ఆ రోజు కారెక్కనని గేటు పట్టుకుని ఏడ్చాడు. ఇప్పుడు శనివారాలు పొద్దున్నే వెళ్లి గుర్రం ఒళ్లు తోమి వస్తాడు. తోమినంతసేపూ నిలబడే ఉంటాడు, ఎడమచెయ్యి దాని భుజం మీద వేసి. కాళ్లు లాగుతున్నా స్టూలు అడగడు, మేమూ గుర్తు చేయం.